ఆడూ చెట్టుకు జోడి

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం కొత్త, ఫోన్ కొత్త, బుద్ధి మాత్రం ఇంకా రాలేదు. ఫోన్‌లో ఎవరో చలిదేశపు పెద్దమనిషి మోకాలెత్తు పీచ్ చెట్టును కుండీలో పెంచి, పళ్లు బుట్టలకెత్తుతుంటే చూసి, కామారెడ్డిలో మా ఇంటి వెనక బట్టలారేసే జాగాలో నేనూ కాయించగలననుకున్నాను. (మే నెలలో అక్కడ బట్టలకన్నా ముందు ఆరేసే మనిషి ఎండిపోతాడు.) నర్సరీ చాచా నన్ను ఎగాదిగా చూసి, "ఇది ఆడూ, బేటా. సల్లటి దేశం చెట్టు. పొట్టి జాతే గాని నఖరాలు బహుత్" అని హెచ్చరించి మరీ మొక్క ఇచ్చాడు. పక్కనే ఉన్న మా అవ్వ, అంటే అమ్మ, ఆ ఒక్క మాట పట్టుకుంది. ఉర్దూలో పీచ్‌ను ఆడూ అంటారని ఆమెకు తెలియదు. బొప్పాయిలో ఆడ చెట్టు, మగ చెట్టు వేరని మాత్రం బాగా తెలుసు. "ఆడ చెట్టొక్కటే కొంటే కాయెట్ల కాస్తదిరా? మొగ చెట్టు గూడ అడుగు" అంది. నేను విడమర్చి చెప్పకుండా నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వే నా కొంప ముంచింది.

ఆ చలికాలంలోనే ఎల్లారెడ్డి అనే ఊరికి పిల్లను చూడబోయాం. పిల్ల మేనమామ గొంతు సవరించుకుని, "పిల్లగానికి ఏమన్న అలవాట్లున్నయా?" అని అడిగాడు. ఆయన అడిగింది మందు గురించి. నేను నిటారుగా కూర్చుని, "ఒకటున్నది. పీచ్ చెట్టు పెంచుతున్న" అన్నాను. అందరూ బిత్తరపోతే ఆ పిల్ల ఒక్కతే నవ్వి, "కాయ కాస్తే మాకు గూడ చూపియ్యుండ్రి" అంది. అంతే, నా నిద్ర పోయింది. కాయ లేకపోతే ఈ పిల్ల దక్కదని నాకు నేనే తీర్మానించుకున్నాను. పొద్దున నీళ్లు పోయడం, సాయంత్రం బతిమాలడం. చెట్టేమో నా మొహం మీదే ఆకులన్నీ రాల్చేసి చీపురుపుల్లలా నిలబడింది. నాకు అన్నం సయించలేదు.

ఇంతలో పిల్ల తల్లి ఫోన్ చేస్తే అవ్వ ఎత్తింది. నా దిగులు చూసి చూసి ఉన్న మనిషి కదా, "పిల్ల మాకు నచ్చింది వదినా. గని ముందుగాల చెట్టు పని కావాలె. అది ఆడ చెట్టు, జోడి కుదరాలె. అటెంకనే మావోని పెండ్లి" అని చెప్పేసింది. దోషమున్న పిల్లవాడికి ముందు చెట్టుతో పెళ్లి చేసే ఆచారం వాళ్లెరిగిందే. కాసేపటికి మేనమామ ఫోన్. "చెట్టుతోని లగ్గం చేసేంత దోషముంటే మొదాలే చెప్పొద్దా?"

ఆ ఆదివారం ఆయన, వెంట ఆ పిల్ల, మా పెరట్లో దిగారు. మేనమామ కుండీ చుట్టూ తిరిగి, "గీమెనా?" అన్నాడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "సచ్చిపోయినట్టున్నది అన్నా" అంది. (పెళ్లి కాకముందే నేను పెళ్లాం పోయినవాణ్నయ్యాను.) నాకు నిజంగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పుడు ఆ పిల్ల వంగి, గోటితో కొమ్మ బెరడు గీరి చూసింది. "లోపల పచ్చగనే ఉన్నది మామా. ఆకు రాలిందంతే. ఆగుదాం" అంది. ఆడూ అంటే ఏమిటో మా బాపు, అంటే నాన్న, విడమర్చి చెప్పాక మేనమామ నవ్వాపుకోలేక దగ్గాడు. నా చెవుల్లో మాత్రం ఆ "ఆగుదాం" ఒక్కటే మోగుతోంది.

పెళ్లయింది. కాయ కాయలేదు. ఏటా ఆకు రాలగానే నేను బెంగపడటం, ఆమె గోటితో గీరి "ఉన్నది" అనడం అలవాటైపోయింది. మొన్నటి ఎండలకు గీరితే లోపల కూడా ఎండుకట్టె రంగే. ఇంకాస్త కింద గీరింది. ఇంకా కింద. గోరు కొంగుకు తుడుచుకుంది. "మొగ చెట్టు తెమ్మంటే ఇన్నవా?" అని అవ్వ లోపలికి పోతూ అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఒక కాయ చూపించకపోతే తనను ఎవరూ చేసుకోరనుకుని పుల్లకు నీళ్లు పోసిన ఆ కుర్రాడు గుర్తొచ్చి, మా ఆవిడను ఇన్నేళ్లకు అడిగాను, ఆ రోజు ఆగుదామన్నది ఎవరి గురించని.

"చెట్టు గురించే" అంది, కుండీలోంచి ఎండిన వేరు లాగుతూ.

ఇన్నేళ్లూ నా గురించేననుకుని మురిసిపోయాను.