ఆకు రాల్చిన హాలీ పొదలు

హెర్‌ఫర్డ్ పల్లెల్లో ఎవరికి పెరటి కంచె కావాలన్నా ముందు హెస్టర్ ప్యూ తలుపే తడతారు. అరవై రెండేళ్ల మనిషి. తండ్రి దగ్గర నేర్చిన పని, నలభై ఏళ్లుగా కంచెగా పెరిగే, ఏడాదంతా పచ్చగా ఉండే హాలీ మొక్కలు పెంచి నాటుతోంది. ధర తగ్గించమంటే కాస్త వింటుంది గానీ, మొక్క సంగతి తనకే చెప్పబోతే మాత్రం చెవిన వేసుకోదు.

ఆ వసంతంలో బడినాటి స్నేహితుడు క్లెమెంట్ ట్రాంటర్ కబురు పెట్టాడు. అతని పెరటి వెనక కొత్తగా మేడ లేచింది. దాని కిటికీలన్నీ ఈ పెరట్లోకే. భార్య ఆవిస్ చలికాలమంతా ఆసుపత్రిలో ఉండి, తలమీద వెంట్రుక లేకుండా ఇంటికొచ్చింది. వచ్చినప్పటినుంచీ పెరట్లో అడుగు పెట్టలేదు.

"నిలువెత్తు మొక్కలు పెట్టు హెస్టరూ. నాకు రేపటికల్లా చాటు కావాలి," అన్నాడు క్లెమెంట్.

"ఎత్తు మొక్కని తవ్వితే సగం వేళ్లు పొలంలోనే ఉండిపోతాయి. నడుమెత్తువి పెడతా. వెనక ముళ్లాకువి, నువ్వు నడిచే వైపు నున్నాకువి. ఎర్రటి పళ్లు కాయాలంటే మధ్యలో ఒక మగ మొక్క కూడా. నాలుగేళ్లు తిరిగేసరికి నీకు ఆ కిటికీలు కనబడితే నన్నడుగు."

"నాలుగేళ్లా!"

"తొందరైతే చెక్కలు కొట్టించుకోవయ్యా. గాలివానకి పడిపోతే మాత్రం నన్ను పిలవకు."

ఏప్రిల్ చివర, నేల వెచ్చబడ్డాక, తన పొలంలోని పదమూడు మొక్కల్ని మట్టిగడ్డలతో సహా తెచ్చి నాటింది. జూన్ వచ్చేసరికి ఒక్కదానికీ ఆకు లేదు. క్లెమెంట్ ఫోన్‌లో మండిపడ్డాడు. "పుల్లలు పాతి పోయావు! శనివారం పీకి పారేస్తున్నా."

శనివారం పొద్దున్నే హెస్టర్ వెళ్లేసరికి అతను పార పట్టుకుని నిలబడ్డాడు.

"ఆకు ఎండిపోయి కొమ్మని పట్టుకు వేలాడితే మొక్క చచ్చినట్టు. రాల్చేసిందంటే బతికే ఉంది. ఇటు చూడు," అంటూ బొటనవేలి గోటితో బెరడు గీకింది. లోపల పచ్చగా ఉంది. "ఆగస్టుకి చిగురేస్తుంది. వెయ్యకపోతే నేనే వచ్చి పీకుతా."

"ఆగస్టు దాకా ఆవిస్ ఆ వంటింట్లోనే కూర్చోవాలా?" అన్నాడు క్లెమెంట్.

హెస్టర్ గోటికంటిన బెరడు పొట్టు తుడుచుకుంది.

అప్పుడు వంటింటి తలుపు తెరుచుకుంది. చెప్పులైనా లేకుండా, తలమీద గుడ్డైనా లేకుండా ఆవిస్ గడ్డిలోకి నడిచొచ్చింది. ఒంగి రెండో మొక్కని గోటితో గీకింది. తర్వాత మూడోది, నాలుగోది. అలా పదమూడూ అయ్యాకే నడుము ఎత్తింది.

"అన్నీ పచ్చగానే ఉన్నాయండీ. ఆ పార సామాన్ల కొట్లో పెట్టేసి రండి."

వెనక మేడ కిటికీలో ఒక తెర కదిలింది. క్లెమెంట్ గబగబా కోటు విప్పి ఆమె తలమీద కప్పబోయాడు. ఆవిస్ అతని చెయ్యి పక్కకి నెట్టింది.

హెస్టర్ గొంతు సవరించుకుంది. "ఈ వేసవంతా రోజూ సాయంత్రం మొక్కకి బకెట్ చొప్పున నీళ్లు పడాలి. ఒక్కరోజు మానినా ఊరుకోను. ఎవరు పోస్తారు?"

క్లెమెంట్ నోరు తెరిచేలోపే, "నేను పోస్తా," అంది ఆవిస్.