ఒడిబియ్యంలో గోళీలు

మా మేనత్త పోయిందని పోయిన వారం ఆమె కొడుకు, మా బావ, మంచిర్యాల నుంచి ఫోన్ చేసి చెప్పాడు. పొద్దున చాయ తాగి వాకిట్లో కుర్చీలో కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదట. "నొప్పి అనలే, ఏం అనలే. నిమ్మళంగ పోయింది" అన్నాడు. ఏడుస్తూనే తృప్తిపడ్డాను. ఆమె సగం జీవితం తలనొప్పితోనే గడిచింది మరి.

మా ఇంట్లో పొలం మగపిల్లలకు, తలనొప్పి ఆడపిల్లలకు. బాపు వాళ్ళమ్మ, అంటే మా బాపమ్మకు ఉండేది. అత్తకు వచ్చింది, నాకూ వచ్చింది. మూడేళ్ళకో ఐదేళ్ళకో అత్తను పుట్టింటికి, హుస్నాబాద్ పిలిపించి ఒడి నింపి ఒడిబియ్యం పోసేవాళ్ళు. బియ్యం, పసుపు, ఎండుకొబ్బరి కుడుకల నడుమ బాపమ్మ తలనొప్పి గోళీల పొట్లం కూడా పెట్టేది. "బిడ్డ పరేషాన్ కావద్దు" అనేది. అంత ప్రేమగా ఇచ్చినవి కాబట్టి అత్త రోజూ చాయతో వేసుకునేది. నొప్పి వస్తే సరే, వస్తుందేమోనని కూడా వేసుకునేది.

మామది బొగ్గుబాయి ఉద్యోగం. గని కాలనీ దవాఖానాలో ఒక డాక్టరు అన్నీ అడిగి, రోజూ వేసుకునే గోళీలే రోజూ నొప్పి తెస్తున్నాయని చెప్పాడు. "తలనొప్పి మీ వంశంలోనే ఉందమ్మా. ఈ గోళీల అలవాటు కూడా కొన్ని కుటుంబాల్లో తొందరగా పట్టుకుంటుంది. మీ తర్వాతి వాళ్ళనూ చూసుకోండి" అన్నాడట.

ఆ మాటే అత్తకు గుచ్చుకుంది. ఆయన చెప్పినట్టే గోళీలు మానేసింది. మొదట్లో నొప్పి రెండింతలైంది, వాంతులయ్యాయి. తడి తువ్వాల తలకు బిగించుకుని వంట చేసేది. మామ చూడలేక గోళీ తెస్తే, "తల యాడికి పోతది, మెడమీదనే ఉంటది. జర ఆగుండ్రి" అనేది. పోనుపోను నొప్పి ఎప్పుడో ఒకసారి వచ్చే చుట్టమైంది.

నా పెళ్ళికి బాపమ్మ ఆనవాయితీ తప్పకుండా నా ఒడిబియ్యంలో పొట్లం పెట్టింది. అత్త అందరి ముందూ దాన్ని తీసి నడుముకు దోపుకుంది.

"ఒడిలకెల్లి తీస్తరానే? పిల్లకు మంచిదేనా?" బాపమ్మ భగ్గుమంది.

"అవ్వా, పసుపు నీదే, కుడుక నీదే, నొప్పి సుత నీదే. అన్నీ ఇచ్చినవ్. గీ గోళీలొక్కటి మాతోనే ఆగిపోనీ."

తీసిన చోటు ఖాళీగా ఉండొద్దని కొత్త తువ్వాల ఒకటి మడిచి పెట్టింది. బాపమ్మ మూతి ముడుచుకుంది కానీ మళ్ళీ గోళీలు పెట్టలేదు.

అప్పటికే నేనూ రోజూ మింగుతున్నాను. మానే రోజుల్లో అత్త నన్ను తన దగ్గరే ఉంచుకుంది. నేను గోళీ కోసం ఏడిస్తే, "గోళీతోని పోయిన నొప్పి పోత అనదు బిడ్డా, పోయొస్త అంటది" అని నవ్వి తువ్వాల బిగించేది. ఆ నవ్వుకు నేను ఎంత రుణపడ్డానో!

పోయిన వారం మంచిర్యాలలో ఆమెను సాగనంపి అత్త ఇంటికి తిరిగి వచ్చేసరికి ఏడ్చి ఏడ్చి నా తల పగిలిపోతోంది. పక్కింటామె పాపం గోళీ, నీళ్ళు తెచ్చింది. నేను చెయ్యి చాపాను కూడా. ఈ ఏడే తలనొప్పి మొదలైన నా బిడ్డ నా చెయ్యి దించింది. లోపలికి వెళ్ళి, దండెం మీద ఆరేసి ఉన్న అత్త తువ్వాల తడిపి తెచ్చింది.

"తల యాడికి పోతదమ్మా? జర ఆగు" అంటూ నా నుదుటికి బిగించి కట్టింది. చల్లని నీళ్ళు మెడ మీదుగా కారుతుంటే కళ్ళు మూసుకున్నాను. ముడి అచ్చం అత్త వేసినట్టే ఉంది.