అత్తమ్మకు చేరనివ్వని మాట

పదిహేనేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. మా అత్తమ్మ కోసం డాక్టర్ చెప్పిన మాట అది. ఆమెకు చేరనివ్వలేదు.

మాది జగిత్యాల దగ్గర పసుపు పండించే ఊరు. కూలీలను పిలిచేది అత్తమ్మే, కూరలో ఉప్పెంతో చెప్పేదీ అత్తమ్మే. కాపురానికొచ్చి ఎనిమిదేళ్లయినా ఆ ఇంట్లో నా మాటకు విలువ లేదు. ఒక ఏడాది, ఉడికిన పసుపు గంప ఎత్తబోయి ఆమెకు నడుము పట్టేసింది. రెండు నెలలైనా తగ్గలేదు. నేనే కరీంనగర్ తీసుకెళ్లాను.

ఎక్స్‌రే చూసి, ఆమె అవతలి గదిలో చీర సర్దుకుంటుండగా డాక్టర్ నాతో అన్నాడు. "ఎముకలకేం గాలేదమ్మా. మంచంల పండవెట్టకుండ్రి. నొప్పున్నా రోజు జరంత నడిపియ్యాలె. పండుకుంటే ఇంకా బిగుసుకపోతది."

బస్సులో అత్తమ్మ అడిగింది. "ఏమన్నడే డాక్టరు?"

"మంచం దిగొద్దన్నడు అత్తమ్మా."

నా గొంతు తడబడలేదు. ముందే అనుకున్నానా? ఆ క్షణంలోనే నోటికొచ్చిందా? ఎంత తవ్వుకున్నా తేలదు.

వంటిల్లు నాదైంది. కూలీలు నా దగ్గరికి రాసాగారు. అంతకన్నా, ఆమె మెత్తబడింది. నేను నూనె రాస్తుంటే నా చెయ్యి పట్టుకునేది. చేసిన సేవ నటన కాదు, మనసారా చేశాను. అది నిజం కావడమే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

నాలుగో నెలలో ఒక పొద్దున ఆమె కాళ్లు కింద పెట్టింది. "జర వాకిట్ల దాక నడుస్త బిడ్డా. పానం గుంజుతుంది."

"వద్దత్తమ్మా. డాక్టర్ మాట ఇనాలె."

ఎవరి మాటా వినని మనిషి, కాళ్లు మళ్లీ మంచం మీదికి తీసుకుంది.

ఏడాది తర్వాత భయమేసి నేనే లేపి నిలబెట్టబోతే కాళ్లు నిలవలేదు. తొడలు కట్టెపుల్లల్లా అయ్యాయి. ఇంకో ఆరేళ్లు గోడ పట్టుకుని బతికింది. పోయే ముందు, "నీ అసొంటి కోడలు ఎవ్వలకు దొరకది" అంది.

నిరుడు నాకూ నడుము పట్టింది. వేరే డాక్టర్, అదే మాట. నాకు రెండోసారి చెప్పనక్కర్లేదు. రోజూ పొద్దున కాలువ గట్టు దాకా నడిచి వస్తాను. బరువెత్తాలంటే మోకాళ్లు వంచి ఎత్తుతాను, ఒకే చోట ఎక్కువసేపు కూర్చోను, నొప్పి ముదిరిన రోజు వేడి నీళ్ల కాపడం పెట్టి కొంచెం తక్కువ నడుస్తాను కానీ మానను. నొప్పి పూర్తిగా పోలేదు. అయినా నా పనులన్నీ నేనే చేసుకుంటున్నాను. అత్తమ్మ మొండిది, నడవనిచ్చి ఉంటే నాకంటే దూరం నడిచేది. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

ఆమె నన్ను మొదటినుంచీ బిడ్డా అని పిలిచి ఉంటే ఆ అబద్ధం చెప్పేదాన్ని కాదేమో. ఏమో. ఆ సాకు నాకు అక్కర్లేదు. చేసింది నేనే.

మీకే మొదట చెబుతున్నాను. రేపు నడిచి వచ్చాక మా ఆయనకూ చెబుతాను. ఆయన తల్లి కదా. ఏమంటాడో తెలియదు. ఏమన్నా చెబుతాను. హాయిగా ఉందని అనను. ఊపిరి మాత్రం లోపలి దాకా అందుతోంది.