సరోజత్త నేర్చిన పోర్చుగీసు

ఉప్పేసి ఉడకబెట్టిన పచ్చి వేరుశనగ కాయల వాసన ఎక్కడ తగిలినా నా చెవుల్లో పోర్చుగీసు మొదలవుతుంది. మొన్న కడప బస్టాండులో తోపుడుబండి మీది ఆవిరి మొహానికి కొట్టినప్పుడూ అంతే. బస్సు కదలబోతోందని తెలిసీ కాసేపు అక్కడే నిలబడిపోయాను.

మా నాయనకు అక్క సరోజత్త. రాజంపేటలో బడిపిల్లలకు ఇంగ్లీషు చెప్పేది. ఆమె భర్త, మా మామ, బోరుబండి మీద పనిచేస్తూ ఆ పని మీదే ఆఫ్రికాలో పోర్చుగీసు నడిచే మొజాంబిక్ వెళ్ళాడు. నాకు పదేళ్ళప్పుడు, వీధి పంపుల ముందు ఖాళీ బిందెలు వరస కట్టిన ఒక ఎండాకాలం, మామ జ్వరంతో పోయాడని, అక్కడే పూడ్చామని కబురొచ్చింది. శవం రాలేదు. దగ్గరుండి చూసినవాళ్ళెవరూ రాలేదు. కర్మలు జరపాలని మా జేజి, అంటే నాయన తల్లి, ఏడుస్తూ కూర్చుంది. ఊళ్ళో మాత్రం ఇంకో మాట పుట్టింది, మామ బతికే ఉన్నాడని, అక్కడ వేరే సంసారం పెట్టాడని.

"చూసినోళ్ళ నోట ఇనేదాకా నేను బొట్టు తీయను" అంది అత్త.

మామతో పనిచేసి తిరిగొచ్చిన ఒకాయన, వాళ్ళు అద్దెకున్న ఇంటావిడ ఫోన్ నంబరు ఇచ్చాడు. జబ్బు చేసినప్పుడు తాను వేరే ఊళ్ళో ఉన్నానని, చివరిదాకా మామను చూసుకున్నది ఆవిడేనని, కానీ ఆమెకు తన ఇంటి భాషా పోర్చుగీసూ తప్ప మరేదీ రాదని చెప్పాడు. దుబాసీని వెతుకుదామన్నాడు నాయన.

"ఇంకొకరి నోట్లో పడి వచ్చే మాట నాకొద్దురా. నేనే అడుగుతా."

ఇంగ్లీషు వచ్చినవాళ్ళకు పోర్చుగీసు నేర్పే పాత పుస్తకమొకటి మద్రాసు నుంచి తెప్పించుకుంది. ఆ ఏడు వానలు ఆలస్యంగా పడి, ఎర్రమన్ను అంటిన వేరుశనగ కాయలు గోతాల్లో ఇంటికొచ్చి, వరండా అంతా తడి మట్టి వాసన నిండాక, మా సాయంత్రాలన్నీ ఆ పుస్తకంతోనే గడిచాయి. జేజి ఒక పక్క కాయలు ఉడకేసేది, నేను గచ్చకాయలు ఎగరేస్తూ మాటలు అప్పజెప్పేదాన్ని. ఇంగ్లీషులో 'నేను' అనందే వాక్యం నడవదు. పోర్చుగీసులో మన తెలుగులాగే క్రియ చివరే మనిషి తెలిసిపోతాడు. 'కోము' అంటే చాలు, తింటున్నది నేనే.

"ఇది శానా కష్టమని పుస్తకంలో రాసినాడు పాపా. మనకైతే ఇంట్లో ఉండే పద్ధతే" అని, కబురొచ్చాక మొదటిసారి నవ్వింది అత్త.

సబ్బును వాళ్ళు 'సబావ్' అంటారని తెలిసిన రోజు, మామ అంగట్లో ఆ ఒక్కటైనా సుళువుగా అడిగుంటాడని సంతోషపడింది. ఆ భాషలో బల్ల ఆడది, పుస్తకం మగది, 'కాజ' అంటే ఇల్లు, అదీ ఆడదేనని మేము వల్లిస్తుంటే జేజికి ఒళ్ళు మండేది.

"బల్లకు ఆడేంది, మగేంది మే! మతి పోయిందా మీకు?"

అయితే అత్త ఒక చోట ఆగిపోయింది. భూతకాలం పాఠం వచ్చేసరికి పుస్తకం మళ్ళీ మొదటికి తిప్పేది. చలికాలం పోయి, మామిడి పూత రాలి, ఉగాది దగ్గరపడినా వర్తమానంలోనే తిరిగింది. అక్షరం రాని జేజికి కూడా అది అర్థమైంది. ఒక సాయంత్రం వచ్చి పక్కన కూర్చుని, అత్త వీపు నిమిరింది.

"ఆ పాఠం కూడా సదువు మే. ఎన్నాళ్ళని ఈడ్నే ఉంటావు?"

ఉగాది వెళ్ళాక ఒక ఆదివారం ఎస్టీడీ బూత్‌కు ముగ్గురం వెళ్ళాం. ఇరుకు గాజుగదిలో అత్త పక్కన నేను, తలుపు బయట జేజి. అత్త తన పేరూ, మామ పేరూ చెప్పింది. అవతల గొంతు ఒక్కసారిగా వరదలా వచ్చింది. "దెవగార్, పోర్ ఫవోర్" అంది అత్త, మెల్లగా చెప్పమని. ఆ గొంతు నెమ్మదించింది. అత్త అడిగింది, విన్నది, మళ్ళీ అడిగింది. ఉన్నట్టుండి గోడకు చెయ్యి ఆనించి, "పోతాండా?" అని తెలుగులో అంది.  తర్వాత ఒక్కో ముక్కా కూడదీసుకుంటూ, "వో పర కాజ" అంది, ఇంటికి పోతున్నానని.

బయటికొచ్చి జేజి చేయి పట్టుకుంది.

"నీళ్ళు తాపిచ్చిందంటమ్మా, తల తుడిచిందంట. కడాన ఒకే మాట పలవరించినాడంట, పోతాండా, పోతాండా అని. అర్థం తెలీకపోయినా ఆ తల్లి మతిలో పెట్టుకోనుండాది. అంటే ఏమని నన్నడిగింది."

జేజి అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చింది. నాకు మాత్రం ఒకటి అర్థం కాలేదు.

"అత్తా, మామ ఉట్టి పోతాండా అన్నాడు కదా. నువ్వు ఇంటికి అని కూడా చెప్పినావే?"

"ఆయప్ప ఇంకేడికి పోతాడు పాపా?"

తర్వాత కర్మలు జరిగాయి. బొట్టు అత్త తన చేత్తోనే తుడుచుకుంది, ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ప్రతి ఉగాదికీ ఆ ఇంటావిడకు ఫోన్ చేసేది. కొన్నేళ్ళకు ఆ నంబరు మోగడం మానేసింది.

జేజి పోయింది. నిరుడు అత్త కూడా పోయింది. బూత్ ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల అంగడి. మొన్న బస్సెక్కాక ఫోన్‌లో పోర్చుగీసు నేర్పే యాప్ ఒకటి తెరిచి చూశాను. అందులోని గొంతు ఎక్కడా తప్పు పోకుండా, చక్కగా పలుకుతోంది. రాజంపేట యాసలో పోర్చుగీసు మాట్లాడేవాళ్ళు మాత్రం ఇక ఎవరూ లేరు.