పిల్లికి నామినీ

నామినీ వదిన దగ్గర పిల్లిని తెచ్చుకోవడం కంటే పెళ్లికి పిల్లని అడగడం తేలిక. పెళ్లివారైతే జీతమెంత, అలవాట్లేమిటి అని ఆరా తీస్తారు. వదిన అడిగేది ఒక్కటే: "మీరు పోతే దీన్ని ఎవరు చూస్తారు?"

ముప్పై మూడేళ్లు బీమా ఆఫీసులో పనిచేసి, నామినీ గడి ఖాళీగా ఉన్న కాగితాన్ని ఒక్కనాడూ ముందుకు కదలనివ్వని మనిషి ఆవిడ. రిటైరయ్యాక మేడమీది రెండు గదుల్లో దిక్కులేని పిల్లుల్ని చేరదీసి, మంచి ఇళ్లు చూసి పంపడం మొదలుపెట్టింది. అప్పుడూ ఆ గడి ఆవిణ్ణి వదల్లేదు. దరఖాస్తు తనే తయారుచేసింది. చిరునామా, కిటికీలకు వల ఉందా, ఇంట్లో అందరికీ ఇష్టమేనా, ఇలా అన్నీ అయ్యాక అన్నిటికంటే పెద్ద గడి నామినీది. అది నిండితేనే 'మంజూరు' అన్న స్టాంపు పడుతుంది. ప్రతి శనివారం వచ్చినవాళ్లకి టీ ఇవ్వడం, ఆ తర్వాత వాళ్లని ఓదార్చడం కింది వాటాలో తమ్ముడితో ఉండే మరదలి పని.

ఒకసారి కొత్తగా పెళ్లైన జంట వచ్చింది.

"అబ్బాయికి అమ్మాయి నామినీ, అమ్మాయికి అబ్బాయి నామినీ. బాగానే ఉంది," అంది వదిన కళ్లద్దాలు సర్దుకుంటూ. "ఇద్దరూ ఒకే బండి మీద తిరుగుతారా?"

"అవునాంటీ!" అంది అమ్మాయి మురిసిపోతూ.

"అయితే మూడో మనిషి పేరు రాయండి."

అబ్బాయికి టీ పొలమారింది.

పేరు రాస్తే మాత్రం ఊరుకుంటుందా? ఫోను చేసి కనుక్కుంటుంది. కసరత్తులు నేర్పే కుర్రాడొకడు వాళ్లమ్మ పేరు రాశాడు. "మీవాడు పోయాడనుకోండి..." అని వదిన మొదలుపెట్టగానే అవతల ఆ తల్లి బావురుమంది. ఆవిణ్ణి ఊరుకోబెట్టేసరికి మరదలికి తలప్రాణం తోకకొచ్చింది.

"శుభమా అని వచ్చినవాళ్ల దగ్గర ఆ చావు మాటలేంటి వదినా?"

"అంటే పోతారా? ముప్పై మూడేళ్లు అందరితోనూ అన్నాను. అందరూ నిక్షేపంలా ఉన్నారు. పోయినవాళ్లు తప్ప."

ఈ పట్టుదల ఊరికే వచ్చింది కాదు. వీధి చివరింట్లో ఒంటరిగా ఉండే ముసలావిడ పోయినప్పుడు చుట్టాలొచ్చి మంచం, బీరువా, కుట్టుమిషను, చివరికి గోడ గడియారం కూడా పట్టుకెళ్లారు. తాళం వేసేముందు పిల్లిని బయట పెట్టారు. అది తొమ్మిది రోజులు ఆ గడప వదల్లేదు. ఒక కన్ను పోయింది. "బీరువాకి నామినీ ఉన్నాడు, దీనికి లేడు," అంటూ వదిన దాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చుకుంది. ఇప్పుడు దానికి పదమూడేళ్లు. వచ్చినవాళ్లంతా కూనల్ని ముద్దాడి, దీన్ని చూసి "అయ్యో పాపం" అని వెళ్లిపోతారు.

అలాంటిది ఒక శనివారం లిఫ్టు తాత వచ్చాడు. ముప్పై ఆరేళ్లు ఒక పెద్ద భవనంలో లిఫ్టు నడిపినాయన. డెబ్భై ఏడేళ్లు. భార్య పోయింది, పిల్లల్లేరు. కూనల వంక కన్నెత్తైనా చూడకుండా వచ్చి ఒంటికన్ను పిల్లి ముందు చతికిలబడ్డాడు. ఎవరి దగ్గరికీ పోని ఆ పిల్లి లేచొచ్చి, వాసన చూసి, ఆయన పాదం మీద తల పెట్టుకుని పడుకుంది.

"నాకిది చాలు చెల్లెమ్మా. దీనికీ నాకూ ఏం తొందర లేదు."

"నామినీ ఎవరు అన్నయ్యగారూ?" అంది వదిన.

ఆయన మందుల షాపతని పేరు రాశాడు. వదిన ఫోను చేస్తే, "మా ఇంట్లో నన్నే సరిగ్గా చూడట్లేదు మేడం, ఇక పిల్లినా!" అన్నాడతను. రెండో వారం తాత తన అన్న పేరు రాశాడు. "మీకంటే నాలుగేళ్లు పెద్దాయన కదా!" అని వదిన కాగితం వెనక్కిచ్చింది. మూడో వారం గడి ఖాళీగానే ఉంది.

"ఇంకెవరూ లేరమ్మా," అన్నాడు చేతులు నలుపుకుంటూ.

వచ్చే శనివారం రమ్మంది వదిన. ఆయన మెట్లు దిగుతుంటే పిల్లి గుమ్మందాకా వెళ్లి నిలబడింది. మరదలు వదిన వైపు తిరిగింది.

"నీకసలు గుండె ఉందా వదినా? ఇట్లా ఎంతమందిని తిప్పి పంపావో చూస్తానుండు!" అంటూ ఫైళ్ల బీరువా తెరిచింది.

నామినీ దొరకనివాళ్లు తొమ్మిదిమంది తేలారు. ఒంటరివాళ్లు, ముసలివాళ్లు, జబ్బుమనుషులు. తొమ్మిదిమందికీ పిల్లి దక్కింది. తొమ్మిది గడుల్లోనూ వదిన గుండ్రటి చేతిరాతలో వదిన పేరే ఉంది. 'బంధుత్వం' అన్నచోట 'పిల్లి తరఫు చుట్టం' అని రాసి ఉంది.

"మరి ఈయనకేం తక్కువైంది?" అంది మరదలు, గొంతు తగ్గించి.

వదిన పిల్లి గిన్నె కడుగుతూ తలెత్తలేదు. "నాకు అరవై తొమ్మిది. మొన్న డాక్టరు గుండె చప్పుడు బాగాలేదన్నాడు. గుండె ఉందనేగా అర్థం! ఆ తొమ్మిదింటికీ పూచీ పడ్డాను. ఇక్కడున్న పదకొండింటికీ నేనే దిక్కు. నా గడే ఖాళీగా ఉంది. దీన్ని మళ్లీ గడప మీద కూర్చోబెట్టమంటావా?"

"నన్నడగొచ్చుగా?"

"అడిగితే కాదనలేవు. నీ మొగుడికేమో పిల్లంటే తుమ్ములు. అందుకే అడగలేదు."

మరదలి కోపమంతా దిగిపోయింది. ఈ మనిషినా ఇన్నాళ్లూ సాధించాను అని సిగ్గేసింది.

నాలుగో శనివారం లిఫ్టు తాత రాగానే మరదలు మెట్ల దగ్గరే ఆపి అంతా చెప్పేసింది. ఆయన నెమ్మదిగా వెళ్లి వదిన ఎదురుగా కూర్చున్నాడు.

"మీ గడిలో నా పేరు రాసుకోండి చెల్లెమ్మా. నా గడిలో మీ పేరు రాస్తాను."

"మీకు డెబ్భై ఏడు అన్నయ్యగారూ! లెక్క కుదరద్దూ?"

"ముప్పై ఆరేళ్లు లిఫ్టు నడిపాను. అందరూ ఎక్కిన వరసలోనే దిగడం నేనెప్పుడూ చూళ్లేదు."

వదిన పెన్ను మూత తీసింది. ఏ బీమా ఆఫీసూ ఒప్పుకోని ఆ పూచీని రెండు కాగితాల మీదా రాసుకున్నారు. మరదలు వాటిని లాక్కుని, రెండింటి మీదా కింద తన పేరు కూడా చేర్చింది. బంధుత్వం: పిల్లి తరఫు చుట్టం.

వదిన కళ్లు తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, రెండూ మొదటినుంచీ చదివింది. పిల్లి అప్పటికే తాత తెచ్చిన బుట్టలో ముడుచుకుంది.

"అంతా బాగుంది. మరి నీ తర్వాత ఎవరు?"

"మీ తమ్ముడు!"

"వాడికి తుమ్ములు కదే?"

"తుమ్ముకుంటూనే పెడతాడు తిండి. ముందు స్టాంపు వెయ్యి వదినా!"

వదిన స్టాంపు ఎత్తింది. ఎత్తినది ఎత్తినట్టే ఆగి, రెండో చేత్తో ఫోను అందుకుంది.

"ఒరే తమ్ముడూ," అంది. "మీ ఆవిడ పోయిందనుకో..."