సత్యవతి గారి మోకాళ్ళ నొప్పులు

మొన్న వానలో కాకినాడ నుంచి రాజమండ్రి వెళ్ళాల్సి వచ్చి ట్యాక్సీ పిలిపించుకున్నాను. వచ్చింది సరికొత్త ఏడు సీట్ల బండి. తలుపు తీయగానే ఇంకా ప్లాస్టిక్ కవర్లు తీయని సీట్ల వాసనా, తడిసిన రబ్బరు మ్యాట్ల వాసనా కలిసి ఒక్కసారిగా ముఖానికి తగిలాయి. "ఎక్కండి మేడమ్, తడిసిపోతున్నారు" అని డ్రైవరు అంటున్నా తలుపు పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను. ఆ వాసనతో పాటు సత్యవతి గారు గుర్తొచ్చారు. షోరూములో తళతళలాడుతున్న బండికి వీపు పెట్టి, ముదురాకుపచ్చ నేతచీరలో, ఎక్కడా తొందర లేకుండా నిలబడిన సత్యవతి గారు. ఆవిడ పోయి ఏడాది దాటింది.

బ్యాంకు ఉద్యోగంలో నా మొదటి పోస్టింగు రామచంద్రపురం. మాది భీమవరం దగ్గర పల్లె. కొత్త ఊళ్ళో ఒంటరి ఆడపిల్లకి ఇల్లు ఇవ్వడానికి పదిమంది పది ప్రశ్నలు వేస్తే, సత్యవతి గారు ఒకే ప్రశ్న వేశారు. "కారం ఎక్కువ తింటావా, తక్కువ తింటావా?" అంతే. మేడ మీది వాటా నాకిచ్చారు. నెల తిరక్కుండానే నేను ఆవిడని పిన్నిగారూ అనీ, వాళ్ళాయన నారాయణమూర్తి గారిని బాబాయిగారూ అనీ పిలవడం మొదలుపెట్టాను. ఇంట్లో వాళ్ళిద్దరూ, ఎరువుల దుకాణం చూసుకునే కొడుకు రాంబాబు, కోడలు, ఇద్దరు మనవలు, బాబాయిగారి అక్కగారు ఉండేవారు. వరిచేలు, కొబ్బరితోట ఒకప్పుడు బాబాయిగారే చూసుకునేవారు. ఆయనకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాక, ఆ వ్యవహారమంతా పిన్నిగారి మీద పడింది. ఆవిడ గొంతు పెంచి మాట్లాడటం నేను వినలేదు. కానీ ఒకసారి అనుకున్నాక ఆ మాట మారేది కాదు. అది కొందరికి మొండితనంగా కనిపించేది. రాంబాబు ఆ మొండితనంతో ఎన్నిసార్లు విసిగిపోయాడో నాకు తెలుసు.

ఇంటి ముందు రేకుల షెడ్డులో ఒక పాత ఏడు సీట్ల బండి ఉండేది. బాబాయిగారు దాన్ని ఇష్టపడి కొత్తదిగా కొన్నారట. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని అన్నవరం తీసుకెళ్ళడం ఆయనకి ఎంతో ముచ్చటగా ఉండేదట. కాలు పడిపోయాక ఆ బండే ఆయనకి శత్రువైంది. సీటు ఎత్తు. తలుపు దగ్గర చెయ్యి వేసి పట్టుకోవడానికి ఏమీ లేదు. వెనక నుంచి ఒకరు, పక్క నుంచి ఒకరు పట్టుకుని లోపలికి తొయ్యాలి. ద్రాక్షారామంలో బంధువుల పెళ్ళికి వెళ్ళినప్పుడు నన్నూ రమ్మన్నారు. తిరుగు ప్రయాణంలో కల్యాణమండపం ముందు ఆయన ఎక్కలేక ఆగిపోతే నలుగురు కుర్రాళ్ళు పరుగున వచ్చి అమాంతం ఎత్తి సీట్లో కూర్చోబెట్టారు. "బాబాయిని పెళ్ళికొడుకుని ఎత్తినట్టు ఎత్తేశాం" అని ఒకడు ప్రేమగానే అన్నాడు. అందరూ నవ్వారు. బాబాయిగారూ నవ్వారు.

ఆ తర్వాత ఆయన గడప దాటడం మానేశారు. చేను చూసొద్దామంటే ఎండగా ఉందనేవారు. శుభకార్యానికి పిలిస్తే మీరు వెళ్ళి రండనేవారు. కాకినాడలో కాలికి వ్యాయామం చేయించే ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు వస్తే పొద్దున్నే తలనొప్పి అని దుప్పటి కప్పుకునేవారు. ఇప్పుడు నడక మానేస్తే ఇక మంచమే గతి అని డాక్టరు ముందే చెప్పారు. రాంబాబు బతిమాలాడు, కోప్పడ్డాడు. పిన్నిగారు మాత్రం ఏమీ అనలేదు. ఆవిడ ఊరుకున్నారేమిటని నాకు ఆశ్చర్యంగా ఉండేది.

ఒక ఆదివారం భోజనాల దగ్గర అందరం ఉండగా ఆవిడ మెల్లగా అన్నారు. "నాకు ఈ మధ్య మోకాళ్ళు బాగా నొప్పులు పుడుతున్నాయి. ఆ బండి ఎక్కలేకపోతున్నాను. మార్చేద్దాం."

రాంబాబు ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. "నీకు మోకాళ్ళ నొప్పులేంటమ్మా?"

"వయసు వస్తే రావా?"

బాబాయిగారు తలెత్తి ఆవిడ వంక చూశారు. "ఎప్పటి నుంచే? చెప్పలేదే" అన్నారు.

"చెప్పుకుంటే తగ్గేవా ఏంటండీ" అని ఆవిడ ఆయన విస్తట్లో పెరుగు వేశారు. నేను తల వంచుకుని తింటున్నాను. ఆ పొద్దునే ఆవిడ మిరపకాయల చాట నెత్తిన పెట్టుకుని మేడమెట్లు చకచకా ఎక్కి రావడం నా గుమ్మంలో నుంచి చూశాను.

మా నాన్న నాకు కాలేజీ రోజుల్లోనే కారు నేర్పించారు. అందుకని "నువ్వు తోడు రా అమ్మాయ్" అన్నారు పిన్నిగారు. బాబాయిగారి బండి వచ్చాక అదే కంపెనీవాళ్ళు ఆ బండిని రెండుసార్లు పూర్తిగా మార్చారు. ఆయన దగ్గరున్నది మొదటి తరం. రెండో తరం బండ్లు కొత్తవి రావడం ఆగిపోయింది, దొరికితే వాడినవే దొరకాలి. మూడోది అప్పుడప్పుడే వచ్చింది. రాంబాబుకి ఆ మూడోదే కావాలి. ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదు. ముగ్గురం కాకినాడ షోరూముకి వెళ్ళాం.

అక్కడి కుర్రాడు ఎంతో మర్యాదగా బండి చుట్టూ తిప్పాడు. బొత్తాం నొక్కితే తెరుచుకునే పైకప్పు అద్దం చూపించాడు, ముందున్న పెద్ద తెర చూపించాడు. "ముందు సీట్లో కూర్చోండి మేడమ్, ఏసీ వేస్తాను" అన్నాడు.

"కుడి పక్క మధ్య తలుపు తీయండి బాబూ" అన్నారు పిన్నిగారు.

తలుపు తీశాక ఆవిడ ఎక్కలేదు. వెనక్కి తిరిగి బండికి వీపు పెట్టి నిలబడ్డారు. మెల్లగా సీటు అంచున కూర్చున్నారు. ఎడమ కాలు లోపలికి తిప్పారు. తర్వాత ఎడమ చెయ్యి కుడి మోకాలి కింద పెట్టి ఆ కాలిని ఒక వస్తువును ఎత్తినట్టు ఎత్తి లోపల పెట్టుకున్నారు. కుర్రాడు సాయం చెయ్యబోతే వద్దన్నారు. నేను ఆవిడ కుడి చెయ్యి చూశాను. అది ఒళ్ళో వేళ్ళు కాస్త ముడుచుకుని కదలకుండా పడి ఉంది. బాబాయిగారి చెయ్యి పడక కుర్చీలో ఎలా పడి ఉంటుందో అచ్చం అలాగే. అప్పుడు నాకు సంగతి తెలిసింది. రాంబాబు ఆ పక్కనెక్కడో బండి రంగుల గురించి మాట్లాడుతున్నాడు.

ఎక్కడం తేలికే అయింది కానీ దిగడం కాలేదు. సీటు కిందికి, మెత్తగా, లోతుగా ఉంది. ఎడమ చేతి బలం ఒక్కదానితో అందులోంచి లేవడానికి ఆవిడ రెండుసార్లు ప్రయత్నించి చీరకొంగుతో నుదురు తుడుచుకున్నారు. "ఇది కాదు" అన్నారు. రాంబాబు ముఖం చిన్నబోయింది. ఆవిడకి అది కనిపించినా కనిపించనట్టే ఊరుకున్నారు.

బయట రాంబాబు మా బండి తిప్పుతుండగా నేను అడిగాను. "పిన్నిగారూ, ఆ మోకాళ్ళు మీవేనా?"

ఆవిడ నా వంక చూసి చిన్నగా నవ్వారు. "ఇంట్లో మాత్రం నావే అనుకో" అన్నారు. తర్వాత కాసేపటికి తనే మళ్ళీ అన్నారు. "ఆయన కోసం బండి మారుస్తున్నామని తెలిస్తే ఒప్పుకోరు అమ్మాయ్. ఒప్పుకున్నా ఎక్కిన ప్రతిసారీ నేను మీకు బరువైపోయానని అనుకుంటారు. నాకు బాగాలేదంటే మాత్రం కాదనరు. ఎప్పుడూ కాదనలేదు."

ఆ తర్వాత వాడిన బండ్ల వేట మొదలైంది. "సెకండ్ హ్యాండ్ బండి కొన్నారంటే ఊళ్ళో ఏమనుకుంటారమ్మా" అని రాంబాబు గొణిగాడు. "ఊరు మన బండిలో కూర్చోదుగా" అన్నారు ఆవిడ. ఒకటి చూస్తే ఏళ్ళ తరబడి ట్యాక్సీగా తిరిగి సీట్లు కుంగిపోయి ఉంది. అమలాపురం వైపు చూసినది మాత్రం అద్దంలా మెరుస్తోంది. నేను నడిపి చూసి బాగుందన్నాను. పిన్నిగారు మధ్య సీటులో కూర్చుని చూసి బాగుందన్నారు. అంతా కుదిరిందనుకునే సరికి ఆవిడ వంగి కాళ్ళ కింది మ్యాట్ ఎత్తారు. సీటు బిగించిన ఇనప పట్టాల సందులో వేలు పెట్టి తీసి నాకు చూపించారు. వేలికి మెత్తటి నల్లటి మట్టి. "ఇది రోడ్డు మీది దుమ్ము కాదు. వరదొచ్చి పోయాక గోదావరి లంకలోని మా పొలంలో ఇదే మిగులుతుంది" అన్నారు. అమ్మేమనిషి నేల చూపులు చూశాడు. బండి వరదనీళ్ళలో మునిగి తేలిందని తర్వాత ఒప్పుకున్నాడు. ఆవిడ అతన్ని ఒక్క మాట అనకుండా మంచినీళ్ళు అడిగి తాగి, చెయ్యి కడుక్కుని వచ్చేశారు.

చివరికి మండపేటలో దొరికింది. రెండో తరం బండి. ఒక రిటైరైన లెక్చరరు గారు జాగ్రత్తగా వాడుకున్నారు. మధ్యలో విడివిడిగా రెండు సీట్లు. సరిగ్గా నడుము ఎత్తున సీటు. తలుపు పక్క స్తంభానికి ఎడమ చేతికి అందేలా పిడి. పిన్నిగారు ఎక్కారు, దిగారు. మళ్ళీ ఎక్కారు. ఆ లెక్చరరు గారి భార్య "నొప్పులు బాగా ఎక్కువా అండి?" అని జాలిగా అడిగితే "అవునండి, ఏం చేస్తాం" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖంలో నిజంగానే నొప్పి కనిపించింది. అది ఎవరి నొప్పో నాకు తెలుసు.

బాబాయిగారిని మొదటిసారి ఎక్కించిన రోజు నాకు బాగా గుర్తు. వీధిలో ఎవరూ గుమిగూడకూడదని పిన్నిగారు పిల్లల్ని బడికి పంపేశాక, మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ చూసి బయల్దేరదీశారు. నన్ను డ్రైవరు సీట్లో కూర్చోమన్నారు. రాంబాబుని దుకాణం నుంచి రావద్దన్నారు. "నా మోకాళ్ళకి ఇది సరిపోతుందో లేదో మీరు కూడా చూడండి" అని ఆయన్ని కర్ర సాయంతో బండి దాకా నడిపించారు. ఆయన చూస్తుండగా తను ముందు ఎక్కారు. వీపు పెట్టి కూర్చోవడం, కాలు లోపలికి తిప్పుకోవడం, రెండో కాలిని చేత్తో ఎత్తి పెట్టుకోవడం, ఒక్కొక్కటీ నిదానంగా. తర్వాత దిగి, "నేను అవతలి సీటులో కూర్చుంటాను. మీరు ఇటు ఎక్కండి, తొందరేం లేదు" అని బండి చుట్టూ తిరిగి వెళ్ళిపోయారు. సాయం పట్టడానికి ఆగలేదు. తన వైపు తలుపు వేసుకుని కొబ్బరిచెట్ల వంక చూస్తూ కూర్చున్నారు.

అద్దంలో నేను చూస్తున్నాను. ఆయన కాసేపు అలాగే నిలబడ్డారు. తర్వాత కర్ర లోపల పెట్టారు. వెనక్కి తిరిగారు. ఎడమ చేత్తో పిడి పట్టుకున్నారు. కూర్చున్నారు. కాలు ఎత్తి లోపల పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ ఒక్కసారి కూడా అటు తిరగలేదు. కానీ ఒళ్ళో కొంగు అంచును వేలికి చుడుతూ విప్పుతూ ఉన్నారు. తలుపు ఆయనే లాగి వేసుకున్నారు.

"సీటు బాగుంది" అన్నారు బాబాయిగారు.

"బాగుందా అండీ" అన్నారు ఆవిడ, ఇంకా చెట్ల వంకే చూస్తూ.

"చేను దాకా పోనివ్వమ్మా" అని ఆయన నాతో అన్నారు. కాలవగట్టు వెంబడి వెళ్ళాం. ఆయన అద్దం దింపించుకుని, నాట్లు వేసిన మడులు చూస్తూ ఎవరి చేలో నీరు ఎక్కువైందో, ఎవరిది ఎండుతోందో చెబుతూనే ఉన్నారు.

ఆయన మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళడం మొదలుపెట్టారు. పెళ్ళిళ్ళకీ వెళ్ళారు. ఎవరైనా ఎత్తడానికి వస్తే "అక్కర్లేదు, మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులని ఇలాంటి బండి కొన్నాం" అని చెప్పి తనే ఎక్కేవారు. ఒకసారి పిన్నిగారు తోటకి వెళ్ళినప్పుడు బాబాయిగారు తనని బజారుకి తీసుకెళ్ళమని నన్ను అడిగారు. మందుల షాపు ముందు ఆపించి నొప్పుల తైలం సీసా కొన్నారు.

"బాబాయిగారూ, పిన్నిగారికి చెప్పి కొంటే బాగుండేదేమో" అన్నాను.

ఆయన సీసా చొక్కా జేబులో వేసుకున్నారు. "ఆవిడకి నొప్పుల్లేవమ్మా. ఇన్నేళ్ళు కాపురం చేశాను, నాకు తెలీదా? అంత కష్టపడి నా కోసం చేసింది. నాకు తెలిసిందని తెలిస్తే చిన్నబుచ్చుకుంటుంది. నువ్వేం అనకు" అన్నారు. ఆ సాయంత్రం సీసా ఆవిడ చేతికిస్తే, ఆవిడ ఆయన ఎదుటే కూర్చుని రెండు మోకాళ్ళకీ శ్రద్ధగా రాసుకున్నారు. ఆయన తృప్తిగా చూశారు. అంత మంచి సంసారాన్ని నేను మళ్ళీ చూడలేదు.

నాకు బదిలీ అయ్యాక కూడా వెళ్తూ వస్తూ ఉండేదాన్ని. బాబాయిగారు చివరి వరకూ తన కాళ్ళ మీదే నడిచారు. ఆయన పోయాక రాంబాబు కొత్త బండి కొనుక్కున్నాడు. నేను చివరిసారి వెళ్ళినప్పుడు పిన్నిగారు గుమ్మం పట్టుకుని మెల్లగా లేచారు. "ఇప్పుడు నిజంగానే వచ్చాయి అమ్మాయ్. ఎవరికి చెప్పుకోను" అని నవ్వారు. బాబాయిగారు ఆ రోజు మందుల షాపు దగ్గర చెప్పిన మాట అప్పుడు చెప్పేశాను. ఆవిడ రెండు అరచేతులతో మోకాళ్ళు నిమురుకున్నారు. "నమ్మారనుకుని ఆ తైలమంతా రాసుకున్నానే" అని మాత్రం అన్నారు.

ఇప్పుడు నేను కాకినాడలో ఒక బ్రాంచికి మేనేజర్ని. రిటైర్మెంటుకి దగ్గరపడిన సీనియర్ ఒకాయన మా దగ్గర ఉన్నారు. పనిమంతుడు. ఈ మధ్య ఆయనకి సరిగా వినబడటం లేదు. కస్టమర్లు విసుక్కుంటున్నారు, తోటివాళ్ళు చాటుగా నవ్వుకుంటున్నారు. ఆయన కౌంటర్లో కూర్చోవడం తగ్గించి, మీటింగుల్లో మూలకి జరిగిపోతున్నారు. ఒకరోజు మీటింగులో నేను అందరితో అన్నాను. "నాకు చెవులు కాస్త మందగించాయండీ. దయచేసి అందరూ నా వైపు తిరిగి గట్టిగా మాట్లాడండి." అప్పటి నుంచి మా ఆఫీసులో అందరూ గట్టిగానే మాట్లాడుతున్నారు. కొన్నాళ్ళకి ఆయనే నా గదికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, నాకు బాగా వినబడాలని గొంతు పెంచి చెప్పారు. "మేడమ్, ఏమీ అనుకోకండి. నాకు తెలిసిన మంచి చెవుల డాక్టరు ఉన్నారు. అశ్రద్ధ చెయ్యకూడదు."

"ఒక్కదాన్నీ వెళ్ళాలంటే భయంగా ఉందండీ. మీరూ తోడు వస్తారా?" అన్నాను.

శనివారం మధ్యాహ్నం ఇద్దరం వెళ్ళాం. ముందు నా చెవులే చూడమన్నాను.