బాడుగలో లేని బత్తా

నంద్యాల జిల్లా కేంద్రమైన మరుసటి సంవత్సరం నేను అక్కడి ఒక రైస్ మిల్లులో డిస్పాచ్ మేనేజరుగా చేరాను. పేరుకు మేనేజరే గానీ చేతికింద మనుషులెవరూ లేరు. బియ్యం బస్తాలు మిల్లు గేటు దాటినప్పటి నుంచి చెన్నైలో వ్యాపారి గోదాములో దిగేవరకు నాదే పూచీ. లారీ మాట్లాడడం, బాడుగ కుదర్చడం, డీజిలుకు అడ్వాన్సు ఇవ్వడం, సరుకు ముట్టినట్టు రసీదు వచ్చాక మిగతాది చెల్లించడం నా పని. మధ్యలో ఉన్న సమయమంతా భయపడడం కూడా నా పనే అయింది. "బియ్యం లారీలో పోతాండాయా, మీ గుండెల మీద పోతాండాయా" అని ఇంట్లో నా భార్య ఎగతాళి చేసేది.

బాడుగకు ప్రభుత్వం నిర్ణయించిన రేటంటూ ఉండదు. టన్నుకు ఇంత అని లారీ ఓనరు చెబుతాడు, మేం బేరమాడతాం. పెద్ద ట్రాన్స్‌పోర్టు కంపెనీల లెక్క వేరు. ఒక్క లారీ ఉన్నవాళ్లు స్టాండులో టీ తాగుతూ నోటిలెక్కతోనే తేలుస్తారు. డీజిలు, టోలు, హమాలీ, దారి ఖర్చులు ముందు వేసుకుంటారు. ఆ తర్వాత ఫైనాన్సు కంతు, ఇన్సూరెన్సు, టైర్ల అరుగుదల, వీటిలో ఆ ట్రిప్పు వాటా. చెన్నై నుంచి తిరుగు లోడు దొరుకుతుందనే నమ్మకముంటే కాస్త దిగుతారు. లేకుంటే ఖాళీగా తిరిగొచ్చే డీజిలు కూడా మా నెత్తినే వేస్తారు. చివరగా డ్రైవరు బత్తా, అంటే ట్రిప్పుకు అతనికిచ్చే కూలీ, తిండి ఖర్చు. ఇన్ని కలిపినా ఒకరి రేటుకూ ఇంకొకరి రేటుకూ పెద్ద తేడా రాదు. అందుకే ఎవరైనా మరీ తక్కువ చెబితే నాకు సంతోషం బదులు అనుమానం వచ్చేది.

అలా చెప్పినవాడు ఓబులేసు. ఆళ్లగడ్డ మనిషి. చాలా ఏళ్లు ఇతరుల లారీలు తోలి, చివరికి ఫైనాన్సులో ఒక పాత బండి కొనుక్కున్నాడు. కంతులు తప్పితే బండి పట్టుకుపోతారు కాబట్టి అది ఒక్కరోజు ఊరికే నిలబడినా అతనికి కాలు నిలిచేది కాదు. ఇంత తక్కువకు ఎలా గిట్టుబాటవుతుందని అడిగాను.

"బత్తా ఎయ్యలేదు సార్. నా బండి నేనే తోలుకుంటాండా గదా. నాకు నేనే బత్తా ఇచ్చుకుంటానా?" అన్నాడు.

సొంత బండి తోలుకునేవాళ్లు చాలామంది చేసే పొరపాటే ఇది. స్టీరింగు ముందు తాము కూర్చుంటే ఆ ఖర్చు మిగిలినట్టే అనుకుంటారు. ఒంట్లో బాగాలేని రోజున ఇంకో డ్రైవర్ని పెడదామంటే ఆ బాడుగలో అతనికి చోటుండదు. ఈ సంగతి మా మిల్లు యజమాని శెట్టిగారికి చెప్పి చూశాను. "వాడు తక్కువకు పోతానంటాండు. నీకేం నొప్పప్పా?" అన్నారాయన. ఆ సీజను లోడ్లన్నీ ఓబులేసుకే పోయాయి. రేటు పాడుచేసింది నేనేనని మిగతా ఓనర్లు నాతో మాట్లాడడం మానేశారు.

సీజను చివర్లో ఒక మధ్యాహ్నం ఓబులేసు లోడు కట్టించుకుని, టార్పాలిన్ తాళ్లు బిగించి, కాగితాల కోసం నా గదికి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కాగితాలు అందుకుంటుంటే చెయ్యి తగిలింది, కాలిపోతోంది. లోడు రేపు పోనీ, లేదా ఇంకో డ్రైవర్ని పెట్టుకో అన్నాను.

"రేపటికి ఆపితే ఆడ తిరుగు లోడు పోతాది సార్. డ్రైవర్ని పెడితే వానికి యాడ్నించి తెచ్చిచ్చేది? మాత్ర ఏసుకున్యా, పోతా" అన్నాడు.

శెట్టిగారికి ఫోను చేశాను. చెన్నై వ్యాపారి ఎదురుచూస్తున్నాడు, లారీ ఆపొద్దన్నారు. లారీ గేటు దాటింది.

కడప దారిన పోయే మా డ్రైవర్లు ఆళ్లగడ్డ దాటగానే ఫోను చేసి "దాటినా" అని చెప్పడం ఆనవాయితీ. ఆ ఫోను రావాల్సిన వేళకు రాలేదు. నేను చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. బండి నడుపుతున్నాడేమోనని కాసేపు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ మోత వినడమే భయంగా అనిపించేసరికి మోటారుసైకిలు తీశాను.

ఆ దారిలో అంత నిదానంగా నేనెప్పుడూ పోలేదు. ప్రతి కల్వర్టు దగ్గరా కిందికి తొంగిచూశాను. శిరివెళ్ల దాటాక రోడ్డు పక్కన జనం గుమిగూడారు. పొలంలోకి ఒరిగిన లారీ వెనక భాగం, చెదిరిన బస్తాలు కనబడ్డాయి. మోటారుసైకిలును రోడ్డు పక్కన పడేసి పరుగెత్తాను. దగ్గరికి పోతే అవి సిమెంటు బస్తాలు. ఎవరో తెలియని డ్రైవరు దెబ్బలేం తగలకుండా గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మళ్లీ బయలుదేరాను.

ఓబులేసు ఇల్లు రోడ్డు పక్కనే. లారీ ఇంటి ముందు నిలబడి ఉంది. దాన్ని చూశాకే నాకు ఊపిరాడింది. లోపల అతను మంచం మీద దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. ఎప్పటిలాగే అన్నం క్యారియరు కోసం ఇంటి దగ్గర ఆపితే, భార్య లక్ష్మీదేవి నుదుటి మీద చెయ్యి వేసి చూసి, తాళమూ ఫోనూ రెండూ లాక్కుని, ఫోను మోగినా ఎత్తలేదట.

"తాళం నా కాడుండాది సార్. డ్రైవర్ని పిలిపిస్తే ఇస్తా. ఈయన్ని పంపిస్తానంటే మాత్రం ఇయ్యను" అంది ఆమె.

లోడు ఆగితే శెట్టి మళ్లీ పిలుస్తాడా, కంతు ఎట్లా కట్టేదని ఓబులేసు మంచం మీది నుంచే గొణిగాడు. "బండి పోతే పోనీ. నువ్వుంటే ఇంగో బండి తోలుకుంటావు" అని ఆమె అతని నోరు మూయించింది.

డ్రైవరు బత్తా కలిపి ఇమ్మని ఫోనులో అడిగితే శెట్టిగారు పైసా పెంచనన్నారు. మాట్లాడుకున్న బాడుగను దారిలో మార్చకూడదన్నది మా పనిలో నియమం, దాన్ని నేనూ కాదనలేను. ఆళ్లగడ్డ స్టాండు నుంచి ఒక డ్రైవర్ని పిలిపించాం. కంతుకని దాచిన దుడ్లలోంచి లక్ష్మీదేవి అతని బత్తా తీసిచ్చింది. లోడు చెన్నై చేరింది. ఓబులేసుకు డెంగీ అని తేలింది, చాలా రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు.

కోలుకుని వచ్చాక అతను బత్తా కలిపి రేటు చెప్పాడు. అది అందరి రేటే. అదే రోజు పగిడ్యాల నుంచి వచ్చిన ఇంకో సొంత బండి ఓనరు అంతకంటే బాగా తక్కువ చెప్పాడు. డ్రైవరెవరని అడిగితే తానేనన్నాడు. శెట్టిగారు లోడు అతనికి ఇమ్మన్నారు, ఇచ్చాను. ఓబులేసు స్టాండులో లోడ్ల కోసం కూర్చుని కూర్చుని, కంతులు తప్పి, బండిని ఫైనాన్సు వాళ్లకు వదిలేశాడు.

నేను ఆ ఉద్యోగం మానేసే ముందు ఒకసారి వేరేవాళ్ల లారీ తోలుకుని మా మిల్లుకు వచ్చాడు. మనిషి తేరుకున్నాడు. ఎలా ఉన్నావని అడిగాను.

"పర్వాలేదు సార్. ట్రిప్పుకింత అని బత్తా ఇస్తాండారు. జొరమొస్తే ఇంగొకన్ని పంపిస్తారు" అన్నాడు.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే. తక్కువ బాడుగ చెప్పిన ఓనరు ఏదో ఒక ఖర్చును లెక్కలోంచి తీసేసి ఉంటాడు. డీజిలును తీసెయ్యలేడు, టోలును తీసెయ్యలేడు, కంతును అసలే తీసెయ్యలేడు. ఇక అతను తీసెయ్యగలిగేది తనను తానే.